ఇరవై రెండు రోజుల నెత్తురు

నాగేశ్వరికి ఆ సోమవారంతో ఇరవై రెండు రోజులుగా నెత్తురు పోతూనే ఉంది. అలాంటి మనిషి మాదాపూర్‌లో ఒక పెద్ద ఐటీ కంపెనీ గేటు దగ్గర, చేతిలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని, పన్నెండు గంటల డ్యూటీ నిలబడే చేస్తోంది. మొండిదా అంటే మొండిదే. నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఏడాదిగా ముట్టు ఇష్టమొచ్చినట్టు వస్తోంది, ఒక నెల రాదు, ఇంకో నెల వస్తే ఆగదు. కూర్చున్నచోటే ఒంట్లోంచి సెగలు పుడతాయి, ఊరికే కోపం ముంచుకొస్తుంది. ముట్లుడిగే ముందు ఒంట్లోని చెడు రక్తమంతా పోవాలని, మందులేసి ఆపితే అది తలకెక్కి పిచ్చి పడుతుందని వాళ్లమ్మ నర్సమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ మాట నాగేశ్వరికి వేదవాక్కు.

కంపెనీ మెడికల్ రూమ్ నర్సు స్టెల్లా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. గుంటూరు వైపు పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి, ఎవరితోనైనా అండీ అనకుండా మాట్లాడదు. ఈ వయసులో నెలసరి తప్పడం, సెగలు రావడం మామూలేగానీ, గంటకో ప్యాడ్ తడిసిపోవడం మామూలు కాదంది. స్కానింగ్ చేయించుకోకపోతే ప్రాణం మీదికొస్తుందంది. డాక్టరుతో చెప్పి నెత్తురు తగ్గడానికి మాత్రలు కూడా రాయించింది. నాగేశ్వరి సరే సరేనని తీసుకుని, ఆ సాయంత్రం మూసాపేట మెట్రో దిగగానే చెత్తడబ్బాలో పడేసింది. అదీ ఆవిడగారి తెలివి.

ఆ గేటుకి పూటకి ఒక్కతే లేడీ గార్డు. ఆడవాళ్లని ఆడమనిషే తనిఖీ చెయ్యాలి కాబట్టి ఇంకో ఆడమనిషి వచ్చి నిలబడేదాకా బాత్రూమ్‌కి కూడా కదలకూడదు. సోమవారం అలా మధ్యలో వచ్చి విడిపించే మనిషి రాలేదు. తొమ్మిదిన్నరకి క్యాబులన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి, ఆడవాళ్ల వరస రోడ్డు దాకా పాకింది. నాగేశ్వరి రెండుసార్లు సూపర్‌వైజర్ రామన్నని పది నిమిషాలు అడిగింది. మగాడికి అసలు సంగతి ఎలా చెబుతుంది, కడుపునొప్పి అంది. విదేశీ గెస్టులొస్తున్నారు, వాళ్లు లోపలికెళ్లాక చూద్దామన్నాడు. కాసేపటికి ఆమెకి ఎదురుగా ఉన్న మొహాలు కనబడటం మానేశాయి. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూలబడింది.

రామన్న అది చూశాడు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, వాడికీ పొద్దుటి నుంచి పైవాళ్ల తిట్లు పడుతున్నాయి. అయితే మాత్రం? లెమ్మని నోటితో అనొచ్చుగా. అనలేదు. వచ్చి కుర్చీ కాలి మీద బూటుతో ఫెడీమని తన్నాడు. కుర్చీ ఎగిరిపోయింది. నాగేశ్వరి తల బ్యాగుల స్కానర్ అంచుకి కొట్టుకుని కణత చిట్లింది. కానీ వరసలో ఉన్న ఆడవాళ్లు చూసింది కణత మీది నెత్తురు కాదు. దొర్లిన కుర్చీలో, తెల్లటి టైల్స్ మీద, ఆమె యూనిఫారం ప్యాంటు నిండా ఉన్న నెత్తురు చూశారు.

"ఛీ, గేటంత ఖరాబ్ జేసినవ్. లే, గెస్టులు వస్తున్నరు" అంటూ రామన్న ఆమె కొప్పు పట్టుకుని గార్డుల గది వైపు ఈడ్చాడు.

ఇక నాగేశ్వరికి ఒళ్లు తెలియలేదు. చేతిలోని డిటెక్టర్‌తో వాడి మూతి మీద ఒక్కటేసింది. పన్ను ఊడి కింద పడింది. వాడు ఆమె చెంప పగలగొట్టాడు, డొక్కలో తన్నాడు. రెండో తన్నుకి ఆ కాలే పట్టుకుని గుంజి వాడిని వెల్లకిలా పడేసింది. ఎగిరి వాడి గుండెల మీద కూర్చుంది.

"కూసోనియ్యవారా నన్ను? ఇగో, కూసున్న. లేపు సూద్దాం."

అంటూనే కొట్టింది. ముక్కు మీద కొట్టింది, నోటి మీద కొట్టింది, వాడు చేతులడ్డం పెడితే చేతుల మీద కొట్టింది. ఆరేళ్లుగా నిలబడి వాచిన కాళ్ల కసి అంతా తీర్చుకుంది. డిటెక్టర్ రెండు ముక్కలైతే పిడికిలితో కొట్టింది. ఇద్దరు మగ గార్డులు రెక్కలు పట్టి లాగితేగానీ లేవలేదు. లేచి రెండడుగులు వేసి, నిలువునా కూలిపోయింది. పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

స్టెల్లా పరుగున వచ్చి ఆమెని కంపెనీ ఆంబులెన్స్ ఎక్కించేసరికి రామన్న గేటు కర్ర దించేసి అడ్డంగా నిలబడ్డాడు. నోట్లోంచి నెత్తురు ఉమ్ముతూ, పోలీసులొచ్చేదాకా దీన్ని కదలనివ్వనని బూతులు లంకించుకున్నాడు. వరసలో ముందున్న రాజరాజేశ్వరి యాభై దాటిన మేనేజరు, ఎన్నడూ గొంతు పెంచి ఎరగదు. లాప్‌టాప్ బ్యాగు తిప్పి వాడి ఛాతీ మీద బాదింది. వాడు పక్కకి తూలాడు. వెనకున్న ఆడవాళ్లు పదిమంది కలిసి ఆ కర్రని చేతులతోనే పైకి ఎత్తి పట్టుకున్నారు.

బండి గేటు దాటి సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. స్టెల్లా సెలైన్ ఎక్కిస్తూ, ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడి, నెత్తురు ఆగే ఇంజెక్షన్ సిరంజిలోకి తీసింది. నెత్తురు ఆపాలన్న మాట చెవిన పడి నాగేశ్వరికి తెలివొచ్చింది. అంతే, సెలైన్ సూది పీకిపారేసింది, కాళ్లతో తన్నింది. చెడు రక్తం లోపలే నిలబెట్టి తనని పిచ్చిదాన్ని చేస్తున్నారని అరుస్తూ, పట్టుకోబోయిన స్టెల్లా మణికట్టు కసుక్కున కొరికింది. సిరంజి కింద పడి మందు నేలపాలైంది.

స్టెల్లా ఆమె చెంప మీద లాగి కొట్టింది. నర్సు చెయ్యకూడని పని, చేసింది.

"చెడు రక్తం లేదు, మంచి రక్తం లేదు. ఉన్నది ఒక్కటే రక్తమండీ, అదీ అయిపోవచ్చింది. ఇంకో గంట ఇలాగే పోతే మీరుండరు."

ఆ పిల్ల ఏడుస్తోంది. మణికట్టు మీద పళ్లగాట్ల లోంచి నెత్తురు కారుతున్నా తుడుచుకోకుండా రెండో మందుసీసా మూత తీస్తోంది, నెత్తురుకి వేళ్లు జారి అది రావడం లేదు. ఇరవై రెండు రోజుల్లో నాగేశ్వరి ఒక్కసారీ భయపడలేదు. ఇప్పుడు భయం వేసింది. ఆ పిల్ల ఏడుపు చూసి వేసింది. తన చెయ్యి ఎత్తి గోళ్లు చూసుకుంది, అవి కాగితంలా ఉన్నాయి. ఇంత నెత్తురునీ తనే దగ్గరుండి పోగొట్టుకుందని అప్పటికి తెలిసొచ్చి, ఆవిడా భోరుమంది.

ఏడుస్తూనే యూనిఫారం చొక్కా మోచేతి పైకి మడుచుకుని, చెయ్యి స్టెల్లా ఒళ్లో పెట్టింది.

"గుచ్చు బిడ్డా, జల్ది గుచ్చు. నాకు సావబుద్ధి అయితలేదు."