ఆరింటి రిపోర్టులో పిన్ని

కంగారమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తన వాళ్లలో ఎవరికో చప్పుడు లేకుండా ఏదో జరిగిపోవడం, ఆ నిశ్శబ్దం చూసి అంతా బాగానే ఉందనుకుని తను నింపాదిగా అన్నం తింటూ కూర్చోవడం. పాప ఏడిస్తే ఆమెకు భయం లేదు. ఏడవకపోతేనే భయం. తొమ్మిది నెలల పిల్ల మధ్యాహ్నం పూట కాస్త ఎక్కువసేపు పడుకుంటే చాలు, వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఊపిరి వేలికి తగిలినా నమ్మకం కుదరక అరికాలు గిల్లేది. పిల్ల లేచి ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే అప్పుడు ప్రాణం కుదుటపడేది.

కంగారమ్మ అన్న పేరు పిన్ని పెట్టింది. తల్లి పోయాక పెంచింది కూడా ఆవిడే. పిన్ని దర్జీ. రెండు బస్‌స్టాపుల అవతల, వీధి వైపు గదిలో కుట్టు షాపు, వెనక గదిలో కాపురం. కాపురమంటే ఒంటి మనిషే. కంగారమ్మ తొమ్మిదో తరగతిలో ఉండగా పిన్నికి చెయ్యి నొప్పి చేస్తే, కాజాలు కుట్టడానికి పక్కన కూర్చున్నది మళ్లీ బడికి లేవలేదు. చదువు పోయినా ఒక అలవాటు మిగిలింది: ఏ అంకె కనబడినా నోట్‌బుక్కులో ఎక్కించుకోవడం.

ఇంట్లో సర్వరు పెట్టింది మరిది. అతను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. ఆఫీసులో పక్కన పడేసిన కంప్యూటరు పెట్టె ఒకటి తెచ్చి చెప్పుల స్టాండు మీద పెట్టి, పాప ఫోటోలూ పిన్ని కొలతల పుస్తకాలూ అందులో దాచుకోమన్నాడు. పిన్ని తన షాపులోంచే ట్యాబ్‌తో ఆ పెట్టెలోకి వస్తుంది. కొలతల పేజీలు తెరుస్తుంది, కుట్టిన ప్రతి బట్టకూ ఫోటో తీసి అందులో వేస్తుంది. ఐదు నెలలపాటు పెట్టె పనిచేసుకుపోయింది. తరవాత ఒకనాడు పాప మొదటిసారి బోర్లాపడిన వీడియో వెతికితే లేదు. డిస్కు నిండిపోయి ఇరవై రోజుల నుంచి ఏదీ ఎక్కడం లేదట.

"అది ఇరవై రోజులుగా లాగుల్లో మొత్తుకుంటూనే ఉంది వదినా. వినే నాథుడే లేడు" అన్నాడు మరిది.

లాగులంటే ఏమిటని ఆమె అడిగింది. ఆ పెట్టె తనకు జరిగిందంతా, ఎవరొచ్చారు, ఎవరెళ్లారు, ఏది చెడిందన్నది, వరసగా రాసుకునే చిట్టా అని చెప్పాడు. రోజుకు కొన్ని వేల లైన్లు రాస్తుందనీ, దాన్ని చదివి సారం తీసి పొద్దున్నే మెయిలు పంపే ప్రోగ్రామ్ ఒకటి ఉందనీ, తీరిక దొరికినప్పుడు వచ్చి పెడతాననీ అన్నాడు. అతని తీరిక సంగతి ఆమెకు తెలుసు. భర్త దూరపు బస్సుల డ్రైవరు, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. అందుకని పాపను ఒళ్లో వేసుకుని, మరిది ఫోనులో చెబుతుంటే అక్షరం అక్షరం నోట్‌బుక్కులో రాసుకుని, తనే మొదలుపెట్టింది.

మొదటి రోజు మెయిలు రాలేదు. రెండో రోజూ రాలేదు. వచ్చినవి వచ్చినట్టే స్పామ్‌లో పడుతున్నాయని మూడో రోజు తెలిసింది. ఆ తరవాత ఆరింటికి రావాల్సింది పదింటికి రావడం మొదలైంది. పెట్టె గడియారం నాలుగు గంటలు వెనక నడుస్తోందట. పెట్టెను పుట్టించినవాడు ఏ దేశంలో నిద్రలేచాడో అని మరిది నవ్వాడు. అదీ సరిచేసింది. పదో రోజు సరిగ్గా ఆరింటికి ఫోను టింగుమంది. పాలసీసా ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని మొదటి రిపోర్టు చదివింది. కొత్తగా వేయించిన పెద్ద డిస్కు నలభై ఒకటి శాతం నిండింది. తప్పులు లేవు. 'పాప' ఫోల్డరులో ఇన్ని ఫైళ్లు, 'కొలతలు' ఫోల్డరులో ఇన్ని. ఆ కింద బారెడు పొడుగున పిన్ని. షాపులో వైఫై నీరసంది కాబట్టి ట్యాబ్ వాడుతున్నంతసేపూ పదినిమిషాలకోసారి తెగి మళ్లీ కలిసేది, కలిసిన ప్రతిసారీ ఒక లైను. పిన్ని వచ్చింది, పిన్ని వచ్చింది, పిన్ని వచ్చింది. రోజుకు నలభై లైన్లకు తక్కువ కాకుండా.

మొదట్లో ఆ నలభై లైన్లూ ఆమెకు ముద్దొచ్చేవి. రోజూ ఫోను చేసి ఎలా ఉన్నావని అడిగితే, ఉన్నానులే ఇంకా పోలేదు అనేది పిన్ని. ఇప్పుడు అడగక్కర్లేదు. లైను ఉందంటే పిన్ని ఉన్నట్టే.

అలా రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం పిన్ని పాపను చూడ్డానికి వచ్చింది. పాప పడుకుని ఉంది. కంగారమ్మ మామూలుగా వెళ్లి వేలు పెట్టి, గిల్లి, లేపింది. కింది వాటా ఆవిడ అక్కడే ఉంది. పిన్ని ఆవిడ వైపు తిరిగి, "పడుకున్న పిల్లను లేపి బతికున్నావా అని అడిగే తల్లిని దీన్నే చూశానమ్మా" అంది. కింది వాటా ఆవిడ పడీపడీ నవ్వింది.

కంగారమ్మ అలిగింది. ఆ సాయంత్రం మరిది ఫోను చేసి, రిపోర్టు అంత పొడుగుంటే ముఖ్యమైన కబురు కంటపడదు, రోజూ ఉండే గోలను తీసేయమన్నాడు. రిపోర్టులో చూపించక్కర్లేని మాటలు రాసే జాబితా ఎక్కడుందో చెప్పాడు. ఆమె ఆ జాబితా తెరిచి మొట్టమొదట పిన్ని పేరు రాసింది. గోల తగ్గడానికి రాశానని తనకు తాను చెప్పుకుంది కానీ, రోజూ పొద్దున్నే నీ మొహమే చూడాలా అన్న కసి అందులో సగం.

ఆదివారం నుంచి రిపోర్టు అరచేయంత అయింది. పిన్నికి ఫోనూ చేయలేదు. సోమవారం రిపోర్టులో డిస్కు బాగుంది, తప్పులు లేవు. మంగళవారమూ అంతే. మంగళవారం పాప పాలు తాగుతుంటే కంగారమ్మ ఎప్పట్లాగే అంకెలు నోట్‌బుక్కులో ఎక్కించింది. 'కొలతలు' 2318. పై లైను చూసింది. నిన్నటిదీ 2318. తప్పుగా ఎక్కించానేమోనని మళ్లీ ఫోను చూసింది. 2318.

రిపోర్టు ముందురోజుది కదా, అంటే సోమవారం పిన్ని ఒక్క ఫోటో కూడా వేయలేదు. సోమవారం పిన్ని కుట్టిన బట్టలు తిరిగిచ్చే రోజు. జ్వరమొచ్చిన సోమవారం కూడా పన్నెండు ఫోటోలు వేసిన మనిషి. కంగారమ్మ జాబితాలోంచి పిన్ని పేరు తీసేసి, రిపోర్టును అప్పటికప్పుడు మళ్లీ తెప్పించింది. సోమవారం ఉదయం ఏడూ పన్నెండుకు పిన్ని వచ్చింది. ఆ తరవాత ఏమీ లేదు. తెగి కలవడాలు కూడా లేవు.

ఫోను చేసింది. మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి కూడా మోగి మోగి ఆగింది. మరిదికి చేస్తే, నెట్ పోయి ఉంటుంది వదినా, లైను రాకపోతే మనిషి లేనట్టా అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేం లేదు. ఇలా ఆమె కంగారుపడి పరుగెత్తించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లు చాలవు. మొన్నటికి మొన్న భర్త ఫోను ఎత్తలేదని బస్ డిపోకు మూడుసార్లు ఫోను చేస్తే, డిపో మొత్తం అతన్ని వారంరోజులు ఆటపట్టించింది. ఈసారి కూడా ఏమీ కాకపోతే పిన్ని ఆ మాటను పాప పెళ్లి దాకా చెప్పుకుంటుంది.

చెప్పుకోనీ, అనుకుంది. పాపను చంకన వేసుకుని బస్సెక్కింది.

షాపు షట్టరు సగం దించి ఉంది. పక్కన ఇస్త్రీ షాపతను, నిన్నటి నుంచీ అలాగే ఉందనీ, అర్జెంటు పనేదో పెట్టుకుని లోపల కుట్టుకుంటోందనుకున్నాననీ చెప్పాడు. కంగారమ్మ పాపతో సహా వంగి లోపలికి దూరింది.

పిన్ని కత్తిరింపు బల్లకూ గోడకూ మధ్య నేల మీద ఉంది. కుడికాలు ఉండాల్సిన తీరులో లేదు. తల కింద పాత గుడ్డల మూట, ఒంటి మీద ఎవరిదో సగం కుట్టిన కర్టెను. చేతి పక్కన ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా, అడుగున గుక్కెడు నీళ్లు. ఫోనూ ట్యాబూ బల్ల మీద, అందనంత ఎత్తులో. కళ్లు మూసి ఉన్నాయి. కంగారమ్మ మోకాళ్ల మీద కూర్చుని వేలు చాపింది.

"ముక్కు దగ్గర వేలు పెట్టకు. బతికే ఉన్నా" అంది పిన్ని, కళ్లు తెరవకుండానే.

కంగారమ్మ సీసా మూత తిప్పి, ఉన్న నీళ్లు పిన్ని పెదాల మధ్య పోసింది. ఇస్త్రీ షాపతన్ని పిలిచి అంబులెన్సుకు ఫోను చేయమంది. పాప కింద కూర్చుని కుట్టుమిషను దారం చుట్టే బాబిను ఒకటి నోట్లో పెట్టుకుంది.

"ఫోను మూడుసార్లు మోగింది. నువ్వేనని తెలుసు. మిగతావాళ్లు ఒకసారితో ఊరుకుంటారు" అంది పిన్ని. కళ్లు తెరిచి, "పిల్ల నోట్లోది తియ్" అంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఇంకో రోజు ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవని డాక్టరు మామూలు గొంతుతోనే చెప్పాడు. మరిది ఆసుపత్రికి వచ్చి, నెట్ పోయిందన్నందుకు తిట్టవేం వదినా అన్నాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు నువ్వన్నదే నిజమవుతుందిలే అంది ఆమె. అతను వెళ్లాక పిన్నికి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది, జాబితాలో పేరు రాసిన సంగతి.

"చిన్నప్పుడు అలిగితే అన్నం మానేసేదానివి. ఇప్పుడు నన్ను మానేశావన్నమాట" అంది పిన్ని. తరవాత చెయ్యి చాపి కంగారమ్మ మణికట్టు పట్టుకుని, నర్సు వచ్చేదాకా వదల్లేదు.

పిన్ని మళ్లీ షాపుకు చేరేలోగా కంగారమ్మ రిపోర్టును తిరగరాసింది. జరిగినవి చెప్పే లైన్లు కిందికి పోయాయి. జరగాల్సి ఉండి జరగనివి పైకి వచ్చాయి. పిన్ని నలభై లైన్ల బదులు ఒక్కటే లైను: నిన్న మధ్యాహ్నం నుంచి పిన్ని ఎన్నిసార్లు వచ్చింది. సున్నా అయితే ఎర్రగా కనబడుతుంది. ఆరింటి మెయిలు ఇప్పుడు ఆమెకు, భర్తకు, మరిదికి, కింది వాటా ఆవిడకు, ఇస్త్రీ షాపతనికి కూడా వెళుతుంది. అసలు పెట్టె ఆగిపోతే ఎవరు చెబుతారని మరిది అడిగితే, అది కూడా ఆలోచించానంది. రిపోర్టు చివర రోజూ వచ్చేలా నాలుగు మాటలు తనే రాసింది. సర్వరు పెట్టినంత కష్టం వాటికి పడింది, కొట్టేసి మళ్లీ రాసి. ఇప్పుడు అందరికీ అవి ఇలా వెళుతున్నాయి:

"ఈ మెయిలు రోజూ ఆరింటికి వస్తుంది. ఏడు దాటినా రాకపోతే అంతా బాగుందని అనుకోకండి, నేనూ పాపా ఎలా ఉన్నామో వచ్చి తలుపు కొట్టండి. వచ్చినా పిన్ని పక్కన సున్నా ఉంటే, మీలో ఎవరు దగ్గరుంటే వాళ్లు, ఫోను చేసి ఊరుకోకుండా షట్టరు ఎత్తి లోపలికి వెళ్లి ఆవిణ్ణి ఒకసారి చూడండి."