కొసరు కలిసిన జవాబులు

కోచబాంబా బజారులో వేరుశనగ, మొక్కజొన్న అమ్మే, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఇలారియాకు తల తిరగడం మొదలై మూడు నెలలైంది. పైకి చూస్తే చాలు, కొట్టు మొత్తం గిర్రున తిరిగేది. సరుకంతా ఉండేదేమో అటక మీద. నిచ్చెన ఎక్కలేనివాళ్లు అటక కొట్టు వదిలేసి నేలమీద గంప పెట్టుకోవాలని బజారు సంఘం కట్టుబాటు. ఇరవై రెండేళ్లుగా నిలబెట్టుకున్న చోటు అది. అందుకే ఆసుపత్రి నర్సు రోక్సానాకు తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రోక్సానా దగ్గర ఒక కాగితం ఉంది. తల తిరుగుడు గురించి ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి బాధను బట్టి సున్నా నుంచి నాలుగు దాకా అంకె. వేరే దేశంలో పుట్టిన ప్రశ్నల్ని స్పానిష్‌లోకి తెచ్చారు. ఇక్కడి జనం దగ్గర అవి సరిగ్గా పనిచేస్తాయో లేదో తేల్చాలి. రెండు వారాల కిందట ఒకసారి అడిగింది. ఈ ఉదయం మళ్లీ అవే అడిగి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నుదురు రుద్దుకుంది.

“జబ్బు పెరిగిందా, దోన్యా?”

“లేదే. ఎలా ఉందో అలాగే ఉంది.”

“అప్పుడు ముప్పై ఒకటి వచ్చింది, ఇప్పుడు నలభై నాలుగు. మీకే కాదు, ఈ బజారులో అడిగిన పన్నెండు మందికీ పెరిగింది. ఆసుపత్రికి వచ్చేవాళ్లకి మాత్రం సరిపోయింది.”

“పెరిగితే నష్టమేంటి?”

“జబ్బు మారకుండా జవాబు మారితే ఎలా నమ్ముతారు? బజారువాళ్ల జవాబులు తీసి పక్కన పడేస్తారు.”

ఇలారియాకు ఇది తెలియని పద్ధతి కాదు. ఏటా మున్సిపాలిటీ మనిషి వచ్చి ఒకే రాయిని రెండుసార్లు కాటా మీద పెడతాడు. ముల్లు రెండు చోట్ల ఆగిందా, కాటా ఎత్తుకుపోతాడు. ఇక్కడ రాయి తనే. రాయి బరువు మారలేదు. మరి ముల్లు ఎందుకు జరిగినట్టు?

ఇంతలో రోజూ వచ్చే ఆవిడ కిలో వేరుశనగ అడిగింది. ఇలారియా తూచి, సంచిలో పోసి, అలవాటుగా ఇంకో గుప్పెడు వేయబోయి ఆగింది. వేసి, ఆవిణ్ణి పంపించి, ఇటు తిరిగింది.

“తప్పు నాదే అమ్మాయ్. నీకు కొసరేశాను.”

“దేంట్లో?”

“జవాబుల్లో. మనసులో రెండు. అంత దూరం బస్సులో వచ్చిన పిల్ల రెండు రాసుకుని పోతే ఏం బాగుంటుంది? ఒకటి కలిపి మూడన్నాను. అప్పుడు కొత్తదానివి, అక్కడక్కడా వేశాను. ఇప్పుడు నా వాడుక మనిషివి, చేతికి అడ్డేముంది?”

రోక్సానా నవ్వాపుకోలేకపోయింది. “పన్నెండు మందీనా?”

“వాడుక మనిషిని కొసరు లేకుండా పంపే ఆడది ఈ వరసలో ఉంటే చూపించు.”

రోక్సానా కొత్త కాగితం తీసి అంకెల పక్కన నిలువుగా గీత గీసింది. “కొసరు తూకం అయ్యాకే కదా వేస్తారు. గీతకి ఇవతల తూకం చెప్పండి. అవతల మీ ఇష్టమొచ్చినంత వేసుకోండి.”

ఈ పద్ధతి ఇలారియాకు నచ్చింది. చకచకా చెప్పుకుంటూ పోయింది. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర నోరు ఆగింది. ఎత్తు ఎక్కాలంటే భయమా? రెండుసార్లూ సున్నా అని చెప్పింది. అన్నిట్లో కొసరేసిన చెయ్యి ఇక్కడ తూకమే కోసేసింది. పక్క కొట్టు ఫెలిపా చిక్కుడు గింజలు ఏరుతోంది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

“నాలుగు,” అంది ఇలారియా.

“గీతకి ఇవతలా, అవతలా?”

“ఇవతలే. తూకం.”

రోక్సానా రాసుకుంది. “పేరుండదు, నంబరే ఉంటుంది. గురువారం ఆసుపత్రికి రండి. పడుకోబెట్టి తల ఇటూ అటూ తిప్పి చూస్తారు. కొన్ని రకాలు దాంతోనే తగ్గుతాయి.”

నర్సు వెళ్లిపోయింది. గురువారానికి ఇంకా మూడు రోజులు. కింద మొక్కజొన్న అడుగంటింది. ఇలారియా నిచ్చెన వైపు చూసి, తల పైకెత్తకుండానే పిలిచింది.

“ఫెలిపా, కాస్త అటకెక్కి ఒక బస్తా దింపవే.”

“మూడు నెలలకా అడగడం? బస్తా కావాలన్నవాణ్ణల్లా సరుకు లేదని నా దగ్గరికి తోలుతుంటే తెలీదనుకున్నావా?”

“సంఘంలో చెప్తావా?”

“చెప్తే ఆ బేరాలు నాకెవరు పంపుతారు?” అంటూ ఫెలిపా పరికిణీ ఎగదోపుకుని నిచ్చెన ఎక్కింది.