పాండాకి వేరే గది

నైట్ డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం అయినా మార్చుకోకుండా పెసరట్లు పోస్తున్నాను. మంచం మీద పడుకుని కాళ్లూపుతున్న నా భర్త ఫ్రాంక్లిన్‌కి వేడివేడిగా కావాలి, ఉల్లిపాయ సన్నగా తరిగి ఉండాలి. షార్జా రోలాలో మేముండే ఆ ఒక్క గదిలో పొయ్యీ, మంచం, టీవీ అన్నీ చేతికందేంత దూరంలోనే ఉంటాయి. ఆయన చెయ్యి కూడా.

టీవీలో చైనా పాండాలను చూపిస్తున్నారు. ఈ ఏడాది, 2006లో, ముప్పైకి పైగా పిల్లలు పుట్టాయట, ఎన్నడూ లేనన్ని! అరచేతిలో ఇమిడిపోయే గులాబీరంగు పిల్ల, వంద గ్రాములుంటుందేమో. దాన్ని పట్టుకున్న మనిషికి మాస్కు పైన కళ్లనిండా నీళ్లు. నేను పనిచేసేది అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో. ఇంక్యుబేటర్‌లో ఎనిమిది వందల గ్రాముల బిడ్డ మొదటిసారి గట్టిగా ఏడిస్తే మేమూ అలాగే ఏడుస్తాం. అబ్బ, ఎంత సంతోషమేసిందో! అట్లకాడ చేతిలో పట్టుకునే నవ్వేశాను. ఆడపాండా కడుపుతో ఉన్నప్పుడు మగదాన్ని దగ్గరికి రానివ్వరనీ, వేరే గదిలో ఉంచుతారనీ కూడా చెప్పారు.

ఈలోగా పెసరట్టు మాడింది.

"ఎలుగ్గొడ్డు ఈనితే ఇకిలిస్తన్నావా? ఒక్కదాన్ని కడుపులో నిలుపుకోలేని ముండవి!" అంటూ అట్లకాడ లాక్కుని మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లింది. కింద పడ్డాను. ఆయన కాలెత్తడం చూసి గోడవైపు తిరిగి ముడుచుకున్నాను, తన్నులన్నీ నడుం మీద పడ్డాయి. నాకు పదో వారం అని ఆయనకింకా తెలీదు. కేకు తెచ్చి చెబుదామనుకున్నాను కూడా, నా మొహానికి.

నిలుపుకోలేనిదాన్నట! నిరుడు ఐదో నెలలో తన్నింది ఈ కాలే. మా ఆసుపత్రిలోనే, నాతో పనిచేసేవాళ్ల ముందే, ఊపిరి లేని ఆడపిల్లను కన్నాను. బాత్రూంలో కాలు జారిందని చెప్పాను. డాక్టరమ్మ నా మొహంలోకి కాసేపు చూసి అదే రాసుకుంది. అమలాపురం నుంచి అత్తగారు ఫోను చేసి, "మగోడికి కోపం రాపోతే ఎవరికొస్తాదే? నువ్వే కూసింత అణిగుండాలి. ప్రార్థన చేసుకో" అంది. చేసుకున్నాను. మోకాళ్లు కాయలు కాశాయి గాని దెబ్బలు తగ్గలేదు.

ఫ్రాంక్లిన్ చొక్కా తొడుక్కుంటూ తన పాస్‌పోర్టు నా మీదకి విసిరాడు. "వారంలో వీసా అయిపోద్ది. ఇయ్యాలే ఎల్లి రెన్యూవల్ చేయించుకురా. ఖలాస్, ఇంక ఏడవకు" అని తలుపు ధడాలున వేసి పోయాడు. తనే నన్ను గల్ఫ్‌కి తెచ్చానని చర్చిలో అందరికీ చెప్పుకుంటాడు. నర్సు ఉద్యోగం చూపించి ఆయన్ని నా వీసా మీద తెచ్చుకున్నది నేను.

పక్కగదిలో ఉండే ఎలీనా, మా వార్డులో నర్సే, పరుగెత్తుకొచ్చి నన్ను లేపింది. "దయక్కా, మళ్లీ కాలు జారిందనే చెప్తావా?"

ఆయన పాస్‌పోర్టు తీసి సంచిలో వేసుకున్నాను. తనే టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కానింగులో ఆ చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది. బల్లమీదే బావురుమన్నాను. ఏం జరిగిందని డాక్టరమ్మ అడిగింది.

"నా మొగుడు తన్నాడు. కిందటిసారీ ఆయనే తన్నాడు. రెండూ రాయండి" అన్నాను. పెదవికి కుట్లేస్తున్నంతసేపూ ఎలీనా నా చెయ్యి పట్టుకునే ఉంది.

అక్కడి నుంచి నేరుగా వీసా కాగితాలు టైపు చేసే కొట్టుకి వెళ్లాం. ఆ కొట్టు నడిపే కడప అమీర్ జాన్ నా మొహం చూసి చప్పున తల దించుకుని, ఫ్రాంక్లిన్ పాస్‌పోర్టు తిప్పాడు.

"కఫీల్, అదే స్పాన్సర్, సంతకం కావాల సిస్టర్. ఎవరు కఫీలు?"

"నేనే."

"రెన్యూవలే కదా?"

"కాదు. కాన్సిల్."