జాబితాలో మొదటి పేరు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మిమ్మల్ని ఇంత దూరం తెచ్చుకునేటప్పుడు జ్వరం మందులు, స్వెట్టర్లు, మీరు పుట్టిన తేదీల కాగితాలు అన్నీ రెండేసిసార్లు చూసుకుని సర్దాను గానీ, ఇది సర్దడం మరిచిపోయాను. ఇప్పుడు వినండి. మధ్యలో లేవకండి.

ఒక వీధిలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో మెట్ల కింద ఒక చిన్న గది, ఆ గదిలో ఒక పెట్టె ఉండేది. దాన్ని సర్వర్ అనాలి. వీధిలో మాత్రం అందరూ పెట్టె అనే అనేవారు. దాన్ని చూసుకునే ఆవిడ అందరికీ పెట్టె అక్క. ఆ పెట్టెలో పది వెబ్‌సైట్లు కాపురం ఉండేవి. టైలరమ్మది, పళ్ళ డాక్టరుది, కళ్ళజోళ్ళ షాపుది, డ్రైవింగ్ స్కూలుది, వయొలిన్ టీచరుది, ఇలా. పెట్టె ఒకటే, దాని చిరునామా ఒకటే. ఎవరైనా తమ ఫోన్లో ఒక పేరు కొడితే పెట్టె తన జాబితాని పైనుంచి కిందికి చూసుకుని, ఆ పేరుగల వాళ్ళ పేజీ చూపించేది. జాబితాలో లేని పేరు కొడితే, మొదటి పేరు ఎవరిదో వాళ్ళ పేజీ చూపించి ఊరుకునేది. అంతకు మించి తెలివి దానికి లేదు.

పెట్టె అక్క పొద్దున్నే లేచి మెట్ల కిందికి వంగి, పెట్టె ఫ్యానుకి పట్టిన దుమ్ము పాత టూత్‌బ్రష్‌తో దులిపేది. పచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసేది. క్లాసులో హాజరు పిలిచినట్టు జాబితా మొత్తం చదివేది. బయటినుంచి పెట్టెని ముట్టుకునే దారులన్నీ దొంగల భయంతో ఆవిడే మూసేసింది. ఏం మార్చాలన్నా ఆ గదిలో మోకాళ్ళ మీద కూర్చునే మార్చాలి.

పెట్టెతో ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద ఉండి ఉండి, ఆ ఇంటి వీధి తలుపుకి కూడా అదే అలవాటు పట్టుకుంది. గుమ్మం ముందు నిలబడి "టైలరమ్మ" అంటే, తలుపు నాలుగు వీధుల అవతల ఉన్న టైలరమ్మ షాపులోకి తెరుచుకునేది. "పళ్ళ డాక్టర్" అంటే ఆయన కుర్చీ ముందుకి. వానలప్పుడు జనం ఈ సౌకర్యాన్ని తెగ వాడుకునేవారు. "కాస్త గట్టిగా చెప్పండి, దానికి చెవుడొస్తోంది" అని ఒకరికొకరు చెప్పుకునేవారు తప్ప, ఎవరూ వింతపడలేదు.

మరి పేరు చెప్పనివాళ్ళు, నోట్లో గొణిగేవాళ్ళు, వీధి పొరపాటున వచ్చినవాళ్ళు? వాళ్ళంతా జాబితాలో మొదటి పేరు వాళ్ళ ముందుగదిలోకి వచ్చిపడేవారు. ఆ మొదటి పేరు పెట్టె అక్కదే. పెట్టె కొత్తగా వచ్చినప్పుడు పనిచేస్తుందో లేదో చూద్దామని తన పేరు రాసి, "ఈ పేజీ తయారవుతోంది" అని ఒక్క వాక్యం పెట్టింది. ఏడేళ్ళయింది. ఇంకా తయారవుతూనే ఉంది.

ఆ ముందుగదిలో మనిషి లేకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోదు, మూసుకోదు. వచ్చినవాళ్ళని గుమ్మంలోనే పట్టేసుకుంటుంది. ఈ సంగతి ఒకే ఒక్కసారి తెలిసింది. రెండేళ్ళ కిందట, కూతురి మొదటి ఈత పోటీ చూద్దామని పెట్టె అక్క ఒక గంట బయటికి వెళ్ళింది. ఆ గంటలోనే మరుపు మాస్టారు వచ్చారు. పాతికేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎక్కడికని బయల్దేరారో గుమ్మం దగ్గరే మరిచిపోయారు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని ఇరుక్కుపోయారు. ఆయన వెనకాల పన్ను నొప్పి మనిషి ఒకడు చెంప పట్టుకుని శాపనార్థాలు పెడుతూ నిలబడ్డాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి మాస్టారి కాలు వాచిపోయింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తారు.

ఆ రోజు నుంచి పెట్టె అక్క గడప దాటలేదు. టైలరమ్మని ఒకసారి తన బదులు కూర్చోబెట్టి చూసింది, తలుపు ఒప్పుకోలేదు. జాబితాలో మొదట ఉన్న పేరు మనిషే కావాలంది. బయట ఎండో వానో వచ్చేవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకునేది. దారి తప్పి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, "ఎవరి కోసం వచ్చారు?" అని అడిగి, బయటికి పంపి, పేరు మళ్ళీ గట్టిగా చెప్పించేది. రోజుకి ముప్ఫై మంది. స్నానం కూడా తలుపు వైపు చెవి పెట్టుకునే చేసేది.

ఒక బుధవారం కూతురు బడి నుంచి వచ్చి, అమ్మ పేరు చెప్పి లోపలికొచ్చి, సంచీ పడేసింది. పదేళ్ళ పిల్ల.

"ఆదివారం పొద్దున పదింటికి చెరువు ఈదే పోటీ. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి."

"ఆ ఒడ్డుకా? లోతెంత? పడవ ఉంటుందా వెంట? చెవుల్లో దూది..."

"అన్నీ ఉంటాయమ్మా. ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టె అక్క సంతకం పెడుతూ కాగితం కింద చూసింది. 'ఒడ్డున తువ్వాలుతో నిలబడే పెద్దవారు' అన్నచోట పిల్ల అప్పటికే టైలరమ్మ పేరు రాసేసింది.

"నన్ను అడగనే లేదేం?"

"నువ్వు రావు కదా," అంది పిల్ల. కోపంగా అనలేదు. రేపు గురువారం అన్నట్టు అంది. అనేసి పెన్సిల్ చెక్కుకోవడానికి వెళ్ళిపోయింది.

కోపంగా అని ఉంటే పెట్టె అక్క సర్దిచెప్పి ఉండేది.

మర్నాడు ఆవిడ జాబితాలో వాళ్ళందరికీ ఫోన్లు చేసింది. ఆదివారం ఒక్కపూట ఎవరైనా మొదటి పేరుగా ఉంటారా అని.

"అమ్మో, నావల్ల కాదక్కా," అంది టైలరమ్మ. "నేలంతా కత్తిరించిన గుడ్డలు. ఎవడో వచ్చి పెళ్ళికూతురి జాకెట్ మీద నిలబడి 'ఇది బస్టాండేనా' అంటే నేనేం చెప్పను? పైగా ఆదివారం చెరువు దగ్గర నేనుండాలి కదా."

"నాకు అభ్యంతరం లేదు," అన్నాడు పళ్ళ డాక్టర్. "కానీ వచ్చినవాళ్ళని ముందు కుర్చీలో కూర్చోబెట్టేస్తాను, అలవాటు. తర్వాత నన్ను తిట్టకండి."

వయొలిన్ టీచరు ఫోన్ తీయలేదు. మిగిలినవాళ్ళు తలా ఒక సాకు చెప్పారు.

శనివారం మధ్యాహ్నం మరుపు మాస్టారు ఎప్పట్లాగే పేరు మరిచిపోయి ముందుగదిలోకి వచ్చి కూర్చున్నారు. మంచినీళ్ళు తాగి, ఆవిడ మొహం చూశారు.

"ఏమ్మాయ్, ఏడ్చావా?"

"ఉల్లిపాయలు కోశాను మాస్టారూ."

"అబద్ధం. వాసన లేదు. నేను మరిచిపోయేది పేర్లు, ముక్కు కాదు."

ఆవిడ అంతా చెప్పింది. చెప్పి, "ఆ రోజు మీ కాలు..." అని ఆగిపోయింది.

"కాలు సంగతి వదిలెయ్. నాకూ ఒక పేజీ పెట్టు. నా పేరు మొదట రాయి."

"మీకెందుకు మాస్టారూ? రోజుకి ముప్ఫై మంది వచ్చిపడతారు."

"రానీ. నా గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఎప్పుడూ ఖాళీయే. ఎక్కడికి బయల్దేరారో తెలియక నిలబడిపోయినవాళ్ళ సంగతి ఈ వీధిలో నాకంటే ఎవడికి తెలుసు?"

"పేజీలో ఏం రాయమంటారు?"

ఆయన నీళ్ళ గ్లాసు కింద పెట్టారు. "'కూర్చోండి. గుర్తొచ్చినప్పుడే చెప్పండి.' చాలు."

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మాస్టారు తన గదిలో సిద్ధంగా కూర్చున్నానని ఫోన్ చేశారు. పిల్ల అప్పటికే టైలరమ్మతో చెరువుకి వెళ్ళిపోయింది. పెట్టె అక్క స్టవ్ ఆపిందో లేదో మూడుసార్లు చూసుకుంది. ఆపింది, కంగారుపడకండి. కుళాయి కట్టేసింది. కిటికీ గడియ వేసింది. మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని జాబితా తెరిచింది. మాస్టారి పేరు పైన కొత్త వరసలో రాయాలి. కానీ తొందరలో ఏడేళ్ళుగా మొదట ఉన్న వరస మీదే రాసేసింది. పచ్చ దీపం ఒకసారి ఆరి వెలిగింది. ఆవిడ బయటికి వచ్చి తలుపు లాగింది.

వీధిలో గాలి మొహానికి తగిలింది. చెరువు దాకా పరిగెత్తింది. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

పిల్ల ఆ ఒడ్డుకి అందరికంటే ఆఖర్న చేరింది. తల పైకెత్తి, నీళ్ళు చిమ్ముకుంటూ, తువ్వాలు పట్టుకున్న చేతులు చూసింది. తర్వాత మొహం చూసింది.

"అమ్మా! నిన్ను తలుపు ఎలా వదిలింది?"

"తల తుడుచుకో ముందు. చెవుల్లో నీళ్ళున్నాయి," అంది పెట్టె అక్క.

ఇద్దరూ ఇంటికొచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. ఆవిడ తన పేరు చెప్పింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా రెండు కుర్చీలు. ఒకదాంట్లో మరుపు మాస్టారు.

"కూర్చోండి," అన్నారాయన. "గుర్తొచ్చినప్పుడే చెప్పండి."

ఆవిడ బయటికి వచ్చి మళ్ళీ చెప్పింది, గట్టిగా చెప్పింది. పిల్ల కూడా అరిచింది. మూడుసార్లూ మాస్టారి గదే. అప్పుడు ఆవిడకి తన పేరున్న వరస మీదే మాస్టారి పేరు రాసేశానని తెలిసింది. ఇంటికి వేరే తలుపు లేదు. లోపల పెట్టె తొమ్మిది షాపుల్నీ, ఒక ముసలాయన్నీ మోస్తూ చక్కగా నడుస్తోంది. దాన్ని మార్చగలిగిన మనిషి బయటుంది.

వెనకాలే వచ్చిన టైలరమ్మ నోరు నొక్కుకుంది. "అయ్యో అక్కా, నీ ఇల్లు! నీ గిన్నెలు! ఇప్పుడెలా?"

పెట్టె అక్క గడప మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నారు. ఆవిడ తెగిన చెప్పు రెండోదాని పక్కన పెట్టి, ఆకాశం కేసి చూసి, "స్టవ్ ఆపాను," అంది. "మూడుసార్లు చూశాను. ఇంక భయం లేదు."

తల్లీ కూతురూ డ్రైవింగ్ స్కూలు మేడమీద గదిలో దిగారు. ఆరు నెలలు తిరిగేసరికి పెట్టె అక్కే అక్కడ జనానికి కార్లు నేర్పుతోంది. బ్రేకు దగ్గర మాత్రం మరీ చాదస్తమని చెప్పుకుంటారు. కొత్త వెబ్‌సైట్ పెట్టమని ఎవరైనా అడిగితే, "పెట్టె దగ్గరికి నాకే దారి లేదండీ," అని నవ్వి గేరు మార్చేది.

కథ ఇంతే. రేపు మీకు పిల్లలు పుట్టి, వాళ్ళని ఎక్కడికైనా తీసుకెళ్ళేటప్పుడు, పెట్టెలో ముందు దీన్ని సర్దండి. స్వెట్టర్లు తర్వాత.