ఇంట్లో అడిగి చెప్తాను

ఫోన్ మోగినప్పుడు నా రెండు చేతులూ మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఆయన చొక్కాల కాలర్ మురికి మెషీన్‌లో వేస్తే వదలదు, చేత్తో రుద్దాల్సిందే. ఈ సంగతి పెళ్ళయిన నెలకే తెలిసింది, అప్పట్నించీ పందొమ్మిదేళ్ళుగా రుద్దుతూనే ఉన్నాను. కిటికీ గట్టు మీదున్న ఫోన్‌ను ముక్కుతో నొక్కి ఎత్తాను. ఈ విద్య నాకు బాగా వచ్చు.

"మీరు సెలెక్ట్ అయ్యారండీ" అన్నాడు అంబులెన్స్ స్టేషన్ ఇన్‌చార్జి. "సోమవారం పొద్దున ఆరింటి షిఫ్టు, రెండో నంబరు బండి. వస్తున్నారు కదా?"

గుండె ఎంత జోరుగా కొట్టుకుందంటే, ఏడాదిగా అలవాటైపోయిన పని కదా, సబ్బు చేత్తోనే నా మణికట్టు పట్టుకుని నాడి చూసుకోబోయాను. నిమిషానికి నూట ఇరవైకి తగ్గదు. నలభై రెండేళ్ళ మనిషికి బకెట్ ముందు కూర్చుని నూట ఇరవై కొట్టుకోవడం రోగమే, కానీ ఆ రోగం ఎంత బాగుందో చెప్పలేను. ఇరవై ఏడు మంది వెళ్ళిన ఇంటర్వ్యూ అది. నా వయసు వాళ్ళు ఇంకెవరూ లేరు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి "మీ అబ్బాయి లోపలికి వెళ్ళాడా మేడమ్" అని అడిగాడు కూడా. అలాంటిది రెండో నంబరు బండి నాదట. ఎగిరి గంతెయ్యాలనిపించింది. వస్తున్నానండీ, ఇప్పుడే వచ్చెయ్యమన్నా వస్తాను అనాలనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది:

"ఇంట్లో అడిగి చెప్తానండీ."

ఇన్‌చార్జి మర్యాదగానే, సాయంత్రం ఐదింటిలోపు చెప్పమన్నాడు. లేకపోతే లిస్టులో తర్వాతి వాళ్ళని పిలవాల్సి వస్తుందట. ఫోన్ పెట్టేశాడు. నేను నురగలో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నన్ను నేనే ఒక్కటి వేసుకుందును గానీ, చేతుల నిండా సబ్బు.

ఆ మాట నేను అనలేదు, అదే వచ్చింది. ఎప్పుడూ అలాగే వస్తుంది. కర్టెన్ల షాపతను ఏ రంగు చుట్టమంటారు అంటే ఇంట్లో అడిగి చెప్తాను. స్నేహితురాలు సినిమాకి రమ్మంటే ఇంట్లో అడిగి చెప్తాను. ఒకసారి పళ్ళ డాక్టరు ఈ పన్ను పుచ్చిపోయింది, పీకెయ్యమంటారా అన్నా అదే జవాబు. నొప్పి నాది, పన్ను నాది, చెంప వాచి ఉన్నదీ నాకే. అయినా ఇంటికొచ్చి అడిగాను. "చూద్దాం" అన్నారు ఆయన. ఆయన ఎప్పుడూ వద్దనరు, అదీ చిక్కు. వద్దంటే దెబ్బలాడొచ్చు. "చూద్దాం" అన్నాక ఎవరితో దెబ్బలాడతాం? వంటింటికి కిటికీ పెట్టించడం పదేళ్ళుగా చూస్తున్నాం. నేను స్కూటర్ నేర్చుకోవడం పన్నెండేళ్ళుగా చూస్తున్నాం. ఆ పన్ను మాత్రం చూస్తూ ఉండగానే దానంతటదే ఊడిపోయింది.

అసలు ఈ పిచ్చి నాకు పట్టింది రెండేళ్ళ కిందట, అత్తయ్య స్నానాలగదిలో పడిన రోజు. తుంటి ఎముక విరిగింది. ఆయన, మరిది, పక్కింటి వాళ్ళు, అందరూ కలిసి ఆవిణ్ణి తలో చెయ్యీ పట్టుకుని లాగెయ్యబోతున్నారు. అప్పుడు అంబులెన్స్ వచ్చింది. అందులోంచి ఒకావిడ దిగింది, నాకంటే పొట్టి, చేతిలో సంచీ. గుమ్మంలోంచే, గొంతు పెంచకుండా, "నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకండి" అంది. అంతే. ఐదుగురు మగవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. మా ఆయన కూడా. మా ఇంట్లో ఒక ఆడమనిషి మాటకి అంతమంది వెనక్కి జరగడం నేను అదే మొదటిసారి చూడటం. అత్తయ్య కేకలు పెడుతున్నారు, నేను ఏడవాల్సిన సమయం, నా కళ్ళు మాత్రం ఆవిడ చేతుల మీదే ఉన్నాయి. ఇది నేను చెయ్యగలను అనుకున్నాను. చెయ్యాలి అని కూడా అనుకున్నాను. సిగ్గేసింది గానీ, సంతోషం కూడా వేసింది.

తర్వాత ఎనిమిది నెలలు అత్తయ్యని నేనే తిప్పాను, నేనే లేపాను, నేనే కడిగాను. ఆయన గుమ్మంలో నిలబడి "జాగ్రత్త" అనేవారు. ఆ సేవలో ఆయన వాటా అదే. మరిది ఫోన్‌లోనే జాగ్రత్త అనేవాడు. నా నడుం పట్టేసిన రోజున మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. అత్తయ్య లేచి వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, అంబులెన్స్ పని నేర్పే ఎమర్జెన్సీ టెక్నీషియన్ కోర్సు కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, ఆశ్చర్యంగా, చూద్దాం అనలేదు. "చేరు. ఖాళీగానే ఉన్నావుగా. అమ్మకీ పనికొస్తుంది" అన్నారు. ఖాళీగా అన్న మాటని మింగేశాను. అత్తయ్యైతే, ఈ వయసులో పుస్తకాల సంచీ ఏమిటమ్మాయ్ అని రోజూ గుమ్మం దాటేటప్పుడు ఒక చురక అంటించి పంపేవారు.

ఆ ఏడాది మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. సోఫా దిండు ఛాతీ మీద ముప్ఫై నొక్కులు, రెండు ఊపిర్లు, మళ్ళీ ముప్ఫై. దిండు చిరిగి దూది బయటికొచ్చింది. మా అమ్మాయి కాలు వారానికి మూడుసార్లు విరిగేది. "అమ్మా, ఇవాళైనా చెయ్యి విరగ్గొట్టవే, కాలు బోరు కొట్టేసింది" అనేది. ఒకసారి ఆయన టీవీ చూస్తుండగా కాలికి బద్దలు కట్టేశాను. ఆట రసపట్టులో ఉండటంతో గమనించలేదు, లేవబోయి అప్పుడు తిట్టారు. ఇవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నా జీవితంలో అంత నవ్వుకున్న సంవత్సరం ఇంకోటి లేదు.

మాకు నేర్పినావిడ పేరు అందరికీ స్టాప్‌వాచ్ మేడమ్. మెడలో గొలుసుకి బదులు అదే వేలాడేది. రోగిని కదిలించేటప్పుడు తల పట్టుకున్నవాళ్ళే ఒకటి, రెండు, మూడు చెప్పాలి, మూడు అన్నాకే మిగతావాళ్ళు ఎత్తాలి, ఇదీ ఆవిడ మొదటి పాఠం. "తల పట్టుకున్నవాళ్ళదే మాట. వయసు, హోదా, మీసం, ఇవేవీ అక్కడ పనికిరావు" అనేది. ఆఖరి పరీక్షలో బొమ్మ తల నా చేతుల్లో ఉంది. కాళ్ళ దగ్గర ఆరడుగుల కుర్రాడు. నేను అతని వంక చూసి, "మీరు చెప్పండి, ఎత్తుదాం" అన్నాను. టక్కున వాచీ ఆపేసింది. తల ఎవరి చేతుల్లో ఉందని అడిగింది. నా చేతుల్లోనే అన్నాను. "మరి అతన్ని అడుగుతావేం?" అంది. రెండోసారి చెయ్యనిచ్చింది, పాసయ్యాను. ఆ తప్పు ఇంకెప్పుడూ చెయ్యనని ఆవిడకి మాటిచ్చాను. ఇదిగో, ఈ పొద్దున మళ్ళీ చేశాను.

శనివారం కాబట్టి ఆయన నీటి సరఫరా ఆఫీసు నుంచి ఒంటిగంటకే వచ్చేశారు. భోజనం వడ్డించి, నిలబడే చెప్పాను. చెబుతుంటే నా మొహం దానంతటదే వెలిగిపోతోందని నాకే తెలుస్తోంది, ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వారు. నిజంగానే మెచ్చుకున్నారు, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆయన చెడ్డవాడేం కాదు. ఇరవై ఏడు మందిలోనా అని రెండుసార్లు అడిగారు. ఆ తర్వాత పన్నెండు గంటల షిఫ్టు అన్న సంగతి మెల్లగా మింగుడుపడింది.

"మరి ఇల్లు?" అన్నారు.

ఇల్లు ఎక్కడికీ పారిపోదు, గోడలు గట్టిగానే ఉన్నాయి అందామనుకున్నాను. అనలేదు. ఐదింటిలోపు చెప్పాలని గుర్తు చేశాను. ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, "కాసేపు పడుకుని లేస్తాను. సాయంత్రం చూద్దాం" అన్నారు.

శనివారం ఆయన లేచేది ఐదున్నరకి. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. గిన్నెలు కడిగాను. ఒక్కో గిన్నె కడుగుతూ, రెండో నంబరు బండిలో ఆక్సిజన్ సిలిండర్ ఎడమవైపు ఉంటుందా కుడివైపు ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. నీళ్ళు చిందితే కాళ్ళ కింద తడి తుడిచాను. మూడున్నర. ఆయన గురక వినిపిస్తోంది. లేపితే విసుక్కుంటారు, లేపకపోతే ఐదు దాటుతుంది. ఇంత చిన్న విషయం మీద నా బతుకు నిలబడి ఉండటం చూస్తే కడుపు మండిపోయింది. నాలుగైంది. ఎవర్ని అడగాలి నేను, ఏమని అడగాలి? నాకు ఇష్టమా అని ఆయన్ని అడగాలా?

అప్పుడే నడవాలోంచి అత్తయ్య కేక వినబడింది.

నేను పరుగెత్తేసరికి ఆవిడ నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. వాకర్ పక్కకి పడి ఉంది. ఆయన నాకంటే ముందే నిద్ర కళ్ళతో వచ్చి, అమ్మా అంటూ చంకల కింద చేతులు పెట్టి లాగబోతున్నారు.

"ముట్టుకోకండి" అన్నాను.

గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు. ఆయన చేతులు వెనక్కి తీసుకుని, ఒక అడుగు వెనక్కి వేశారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని అడగాల్సినవన్నీ వరసగా అడిగాను, చూడాల్సినవన్నీ చూశాను. తలకి దెబ్బ తగల్లేదు. మెడ నొప్పి లేదు. తుంటి నొక్కితే బాధ లేదు, రెండు కాళ్ళూ సమానంగా ఉన్నాయి, వేళ్ళు కదులుతున్నాయి. నాడి డెబ్భై ఆరు, నాకంటే నయం. అప్పుడు చూశాను, ఆవిడ చెప్పులు గోడ వారగా జతగా విడిచి ఉన్నాయి. కళ్ళజోడు మడిచి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. జారిపడేవాళ్ళు కళ్ళజోడు మడిచి పెట్టుకుని పడరు. తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నా చూపు తప్పించి కొడుకు వైపు చూస్తూ, "నీకు చెప్తే ఎక్కదురా, అందుకే చూపించాను" అన్నారు. ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. భోజనాల దగ్గర మా మాటలన్నీ ఆవిడ గదిలోంచి విన్నారు.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండూ ఆపుకున్నాను. ముందు లేపాలి. నేను వెనక చేరి ఆవిడ భుజాల కింద నుంచి చేతులు పోనిచ్చి, మణికట్లు పట్టుకున్నాను. ఆయన్ని మోకాళ్ళ కింద పట్టుకోమన్నాను. మూడు అనేదాకా ఎత్తొద్దని చెప్పాను. ఒకటి, రెండు అనేసరికే ఆయన ఎత్తెయ్యబోయారు.

"ఆగండి. మళ్ళీ మొదట్నించీ. నేను మూడు అన్నాకే."

ఈసారి ఆయన నా మొహం వంకే చూస్తూ ఆగారు. పందొమ్మిదేళ్ళలో ఆయన నా నోటి మాట కోసం అంత శ్రద్ధగా ఎదురుచూడటం అదే మొదలు. మూడు అన్నాను. అత్తయ్య తేలిగ్గా లేచి మంచం మీదికి చేరారు.

దుప్పటి సర్దుతూ, ఆయన వైపు తిరక్కుండానే, మామూలు గొంతుతో చెప్పేశాను. "సోమవారం నుంచి నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఐదుంపావుకల్లా బయల్దేరతాను. అత్తయ్యకి ఆరింటికి టీ ఇవ్వాలి, ఏడింటికి మాత్ర."

ఆయన నోరు తెరిచారు. ఆ నోట్లో చూద్దాం ఉందని నాకు తెలుసు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని గడియారం వైపు చూశారు.

"నాలుగూ ఇరవై అయింది, ఫోన్ చెయ్యమ్మాయ్" అన్నారు. "వాడు టీ పెట్టడం నేర్చుకుంటాడు. ఆగిన గుండెని ఆడించడం నువ్వు నేర్చుకోలేదూ."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, అలవాటైన చోట ఆగి నిలబడ్డారు. జాగ్రత్త అంటారేమో అనుకున్నాను. "టీ పొడి డబ్బా ఎక్కడుంటుంది?" అన్నారు.

పై అరలో ఎడమవైపు అని చెప్పి ఫోన్ తీశాను. చేతులు పొడిగా ఉన్నాయి, వేలితోనే నొక్కాను. ఒక్క రింగుకే ఇన్‌చార్జి ఎత్తాడు. నా గొంతు గుర్తుపట్టి, "ఆ, చెప్పండి మేడమ్. ఇంట్లో అడిగారా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను. "చెప్పాను."