చంటిపిల్లల ఆట

అక్కాచెల్లెళ్ళను చేసుకున్న ఆ తోడల్లుళ్ళిద్దరికీ చెరో సినిమా హాలు ఉండేది. పెద్దల్లుడిది బజారు నడిబొడ్డున. మెత్తటి కుర్చీలు, అద్దాల తలుపులు, గుండెలదిరే సౌండు. చిన్నల్లుడిది బస్టాండు వెనక సందులో, పాత గోడౌన్‌ను బాగుచేసి కట్టిన బుల్లి హాలు. ఊరి చివర పెద్ద కంపెనీ మల్టీప్లెక్సు వెలిశాక పెద్దల్లుడు ఈగలు తోలుకుంటున్నాడు. దానికీ ఓర్చుకునేవాడే, కొండను ఢీకొని ఓడితే నామోషీ ఏముంది? కానీ చిన్నల్లుడి సందులో జనం తగ్గలేదు. ఆయనకు అన్నం సయించకుండా చేసింది అదే.

“వాడికేం తెలుసే సినిమా వ్యాపారం? ఓనమాలు దిద్దించింది నేను!” అన్నాడు ఓ పొద్దున భార్యతో.

ఆవిడ చెప్పులేసుకుంటూ, “నేనూ అక్కడికే వెళ్తున్నానండీ. కోడలు పాపను తీసుకొస్తోంది. ఇవాళ చంటిపిల్లల ఆట” అంది.

“సొంత హాలు పెట్టుకుని అక్కడికా?”

“మన హాల్లో పసిపిల్ల కేరుమంటే మీరే టార్చిలైటు మొహమ్మీద కొడతారుగా!”

పుండు మీద కారం చల్లినట్టయింది. కాసేపాగి ఆయనా వెళ్ళి, ఆ హాలు తలుపు సందులోంచి తొంగిచూశాడు. లోపల సగం దీపాలు వెలుగుతున్నాయి. సౌండు తగ్గించి ఉంది. తల్లులు పిల్లల్ని భుజాన వేసుకుని నడవాలో తిరుగుతూనే తెరవైపు చూస్తున్నారు. తెర ముందు పరిచిన చాపల మీద పిల్లలు దోగాడుతున్నారు. ఎవరి బిడ్డ ఏడ్చినా ఎవరూ వెనక్కి తిరగడం లేదు. చిన్నల్లుడు పాలసీసాలు వేడి చేసి అందిస్తున్నాడు. ఆ మధ్యలో తన భార్య పగలబడి నవ్వుతోంది. తన హాల్లో ఆవిడ అలా నవ్వగా ఆయనెన్నడూ చూడలేదు.

మర్నాడే తన గుమ్మం ముందూ ‘చంటిపిల్లల ఆట’ అని బోర్డు కట్టించాడు. నలుగురు తల్లులొచ్చారు. ఒక బిడ్డ కుర్చీ మీద పాలు కక్కగానే ఆయన మొహం మాడిపోయింది. ఆ నలుగురూ మళ్ళీ రాలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. తల్లులు ఏరికోరి అడిగారని చిన్నల్లుడు తెప్పించబోతున్న సినిమాను, డిస్ట్రిబ్యూటర్‌తో పాత స్నేహం వాడుకుని తానే ఎగరేసుకుపోయాడు. ఆ సినిమా ఖాళీ కుర్చీలకు ఆడింది. సందులో మాత్రం ఏదో పాత సినిమా వేసినా హాలు నిండింది.

ఆ వారంలోనే చిన్నల్లుడి హాల్లో ఏసీ కాలిపోయింది. అతను నేరుగా ఈయన దగ్గరికే వచ్చాడు.

“అన్నయ్యా, రేపటి ఆట మీ హాల్లో వేసుకోనిస్తారా? తల్లులడిగిన సినిమా కూడా మీ దగ్గరే ఉందిగా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని పెద్దల్లుడు ఎంతో వెతికాడు. దొరకలేదు. దొరికితే కాదని పంపేయడానికి వీలుండేది.

“సరే, కానివ్వు” అన్నాడు.

మర్నాడు ఆ హాలు కళకళలాడింది. వచ్చిన ప్రతివాళ్ళూ చిన్నల్లుణ్ణే పలకరిస్తున్నారు. హాలు యజమానిని ఎవరూ పట్టించుకోలేదు. ఒకావిడైతే, “కాస్త పట్టుకోండి బాబాయిగారూ” అంటూ చంటివాణ్ణి ఆయన చేతుల్లో పెట్టి రెండోవాడి వెనక పరిగెత్తింది. చంటివాడు ఇస్త్రీ చొక్కా మీద తీరుబడిగా పాలు కక్కాడు. ఆయన మొహం ముడుచుకోబోయింది. ఎదురుగా భార్య చూస్తోంది. ఆయన ఊపిరి బిగబట్టి వాడి మూతి తుడిచాడు.

ఆట అయ్యాక, “ఏసీ బాగైనా ఈ ఆట ఇక్కడే వెయ్యి. మీ హాల్లో చోటు చాలడం లేదుగా” అన్నాడు తోడల్లుడితో. “అయితే గుమ్మం దగ్గర నువ్వే నిలబడు.”

“మరి మీరో?”

“పాలు కాచడం ఏమైనా బ్రహ్మవిద్యా!”

అప్పట్నుంచీ ఆ ఆట బజారు హాల్లోనే నడిచింది. చంటిపిల్లల్తో వచ్చినవాళ్ళు సాయంత్రాలు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని రాసాగారు. పెద్దల్లుడి హాలు మూతపడలేదు. అయినా గుమ్మం దగ్గర ఎవరైనా చిన్నల్లుణ్ణి చూసి మొహం చాటంత చేసుకుంటే, లోపల పాలు కాస్తున్న పెద్దల్లుడికి ఇంకా చురుక్కుమనేది. పైకి మాత్రం, “ఆ సీసా ఎవరిదమ్మా, చల్లారిపోతోంది!” అని గట్టిగా కేకేసేవాడు.