కింది దవడ, ఎడమ పక్క

ఆ రోజు మధ్యాహ్నం కాలరక్క రెండు గంటలు పర్మిషన్ తీసుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. చొక్కాలు కుట్టే కార్ఖానాలో పద్నాలుగేళ్లుగా ఆమె కాలర్లే కుడుతోంది. అందుకని అక్కడ అందరికీ ఆమె కాలరక్కే. అసలు పేరుతో పిలిస్తే వెంటనే పలకదు కూడా.

భర్త ఇళ్లకు రంగులు వేస్తాడు. మంచివాడు. చెయ్యెత్తడు, నోరు పారేసుకోడు. సాయంత్రం పని దిగాక ఒక క్వార్టరు సీసా, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు, అంతే. "అంతేగా" అని అతనే అంటుంటాడు. ఆ అంతేలోనే కూతురి లెక్కల ట్యూషన్ ఆగిపోయింది. వంటింటి కిటికీకి రెండేళ్లుగా అద్దం బదులు అట్టముక్క ఉంది. కాలరక్క ఎడమ పక్క పళ్లు రెండు పోయాయి.

మూడోది నెలన్నర క్రితం మొదలైంది. మేనకోడలి వయసున్న డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుందని, ఆరు వేలు అవుతుందని చెప్పింది. ఆ సంగతి ఇంట్లో చెబితే భర్త క్షణం ఆలోచించలేదు. చేయించమన్నాడు. తన కూలిలోంచి నాలుగు వేలు తీసి బీరువా మీది రేకుడబ్బాలో పెట్టాడు. ఆమె రెండు వేలు కలిపింది. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. తడి గోడకు రంగు వేయరు కాబట్టి అతనికి పని లేదు. రోజూ సాయంత్రం డబ్బాలోంచి రెండొందలు తీసేవాడు, వాన తగ్గాక మళ్లీ పెడతానంటూ. మొదట్లో అతను బయటికి వెళ్లగానే ఆమె డబ్బా దించి చూసుకునేది. పది రోజుల తర్వాత దించడం మానేసింది.

డాక్టరు రమ్మన్న రోజుకు ఎనిమిది వందలు మిగిలాయి. పన్ను పీకడానికి ఆరొందలు. ఆ ఆరొందలు తీసుకుని వెళ్లింది.

"విడతలుగా ఇవ్వొచ్చమ్మా, తొందరేం లేదు" అంది డాక్టరమ్మ.

"వద్దమ్మా, తీసేయండి."

"ఇది మూడోది. అన్నీ ఇటువైపే. దేంతో నములుతారు?"

"కుడివైపు ఉన్నాయిగా" అంది కాలరక్క.

సూది గుచ్చిన కాసేపటికి పెదవి తనది కానట్టయింది. పన్ను కదిలించేటప్పుడు చప్పుడు మాత్రం చెవుల లోపల వినిపించింది. నొప్పి లేదు. డాక్టరమ్మ దాన్ని ట్రేలో వేసి, పై వరసలో ఇంకో పంటి మీద చిన్న నల్లచుక్క ఉందని అద్దంలో చూపించింది. ఇప్పుడే సిమెంటు నింపితే ఏడొందలతో పోతుందట. ఆర్నెల్లు ఆగితే మళ్లీ ఇదే కథట. కాలరక్క తలాడించింది.

దూది కరచుకుని తిరిగి కార్ఖానాకు వచ్చి మిషను ముందు కూర్చుంది. పక్క మిషను మీద చేతిపట్టీలు కుట్టే ఆవిడ, నోట్లో ముత్యాలేమైనా దాచుకున్నావా అని అడిగింది. కాలరక్క సగం మొహంతో నవ్వింది. సాయంత్రం దాకా నూట పది కాలర్లు కుట్టింది. ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఇంటికి వెళ్లేసరికి భర్త ముందే వచ్చి ఉన్నాడు. బల్ల మీద రెండు సంచులు. ఒకదాంట్లో ఐస్‌క్రీమ్, ఇంకోదాంట్లో కాగితం చుట్టిన సీసా. చల్లనిది తింటే రక్తం ఆగుతుందని మందుల షాపులో అడిగి మరీ తెచ్చానన్నాడు. తనే గిన్నెలోకి తీసి, చెంచా వేసి అందించాడు. బీరువా మీద డబ్బా మూత తీసి ఉంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

నిజంగానే లేదు. వచ్చే నెల నుంచి తగ్గించేస్తానని అతను చెబుతున్నాడు. పెళ్లయిన కొత్తలో ఈ మాటకు ఆమె పొంగిపోయేది. తర్వాత కొన్నాళ్లు ఏడ్చేది. ఒకసారి సీసా తీసుకెళ్లి తూములో వంచేసింది కూడా. ఇప్పుడు తనది కాని బస్సు వెళ్లిపోతుంటే చూసినట్టు చూస్తూ ఐస్‌క్రీమ్ తిన్నది.

జీతం రోజున కాలరక్క నేరుగా ఇంటికి రాలేదు. ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి నల్లచుక్క ఉన్న పన్ను నింపించుకుంది. తర్వాత ఇంటి యజమాని చేతిలో అద్దె పెట్టింది. కూతురి ట్యూషన్ మళ్లీ మొదలుపెట్టమని టీచరుకు మూడు నెలల ఫీజు ఒకేసారి ఇచ్చింది. మిగిలిన దాంతో బియ్యం బస్తా, పప్పులు, నూనె కొని ఆటోలో వేయించుకుని వచ్చింది. ఇదంతా ముందుగా అనుకున్నది కాదు. ఒకటి అయ్యాక ఇంకొకటి అలా అయిపోయింది.

భర్త సామాన్లు లోపల పెట్టించి, అలవాటుగా చెయ్యి చాచాడు.

"జీతం రాలేదా?"

"వచ్చింది. అయిపోయింది."

"అంతానా?"

ఎక్కడెక్కడ ఇచ్చిందో చెప్పింది. "నన్నొక మాట అడగొచ్చుగా" అన్నాడతను.

"అడిగితే చేయించమనే అంటారు."

అతను చాలాసేపు బస్తా వంక చూశాడు. తర్వాత చొక్కా వేసుకుని బయటికి వెళ్లి, విడి సిగరెట్లు నాలుగు అరువు తెచ్చుకున్నాడు. ఆ రాత్రికి సీసా లేదు.

అతను మానలేదు. తన కూలి డబ్బులతో తాగాడు, పని లేని రోజుల్లో ఊరుకున్నాడు, ఒకటి రెండుసార్లు తోటి పెయింటర్ల దగ్గర అప్పు చేశాడు. ఆమె జీతం మాత్రం ప్రతినెలా ఇంటికి రాకముందే ఖర్చయిపోయేది. రేకుడబ్బాలో కూతురు పెన్సిళ్లు పెట్టుకుంది.

నాలుగో నెలలో ఇంట్లో అర లీటరు పాలు వేయించుకోవడం మొదలైంది. మొదటి రోజు పొద్దున కూతురు గ్లాసు ఎత్తి తాగి, పైపెదవి మీద అంటిన మీగడ నాలుకతో తుడుచుకుంది. అమ్మ తనవంకే చూస్తుంటే, ఏంటమ్మా అంది.

తనకిప్పుడు సంతోషం కలగాలి కదా అనుకుంది కాలరక్క. గ్యాస్ పొయ్యి పక్కన నిలబడి, అది కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూసింది. బస్సు టైమైంది. గ్లాసు కడిగి బోర్లించి బయల్దేరింది.